నీ పేరిచ్చొచ్చిన

మా సారమ్మ పెద్దమ్మకు ఒకటే అలవాటు. ఇతరుల పేర్లు ఇచ్చి వస్తుంది.

ఎక్కడ ఎవరు "ఈ పనికి మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగినా ముందు లేచేది ఆవిడ చెయ్యే. చెయ్యి ఆవిడదే గానీ నోట్లోంచి వచ్చే పేరు మాత్రం ఆవిడది కాదు. ఆ పేరుగల మనిషి అప్పటికి ఏ ఇంట్లోనో నిశ్చింతగా చారు పోసుకుని తింటూ ఉంటాడు. సంగతి అతనికి సాయంత్రం తెలుస్తుంది.

సూర్యాపేటలో మా గల్లీ మొదట్లో సంచీ భుజాన వేసుకుని ఆవిడ కనబడగానే అరుగుల మీద కబుర్లు ఆగిపోతాయి. ఎవరి ఇంటి ముందు ఆగుతుందోనని అందరి కళ్లూ ఆ చెప్పుల మీదే. "నీ పేరిచ్చొచ్చిన" అన్న మాట వినబడగానే ఆ ఇంటివాళ్లు తల పట్టుకుంటారు. పక్కింటివాళ్లు హమ్మయ్య అనుకుని మళ్లీ కబుర్లలో పడతారు.

సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది పెద్దమ్మ. ఉద్యోగం పోయింది గానీ ఆ నడక పోలేదు. ఇప్పటికీ వార్డులో ఎవరో పిలుస్తున్నట్టే నడుస్తుంది.

ఆవిడ బాధితుల్లో అందరికంటే సీనియర్ ఆవిడ భర్త అబ్రహాం సారు. లెక్కల పంతులుగా పనిచేశారు. గొంతు గట్టిది, చివరి బెంచీ దాకా వినబడేది. కానీ పాటకు అక్కరకొచ్చే గొంతు కాదది. ఆయన ఏది పాడినా ఎక్కాలు అప్పజెప్తున్నట్టే ఉంటుంది. అలాంటి మనిషిని పెద్దమ్మ ఒకసారి కోదాడలో ప్రార్థన కూడికకు తీసుకుపోయింది. మధ్యలో ఒకాయన వచ్చి వంగి మెల్లగా అన్నాడు.

"అబ్రహాం గారూ, మీరు ఒక్కరే ఓ పాట పాడతారని సారమ్మగారు చెప్పారండి. తరువాత మీదేనండి."

సారు భార్య వైపు తిరిగారు. "ఏందిది?"

"పాట."

"నాకు పాట రాదని నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. గీళ్లకు తెల్వదు గద. పో."

సారు లేచారు. మొదటి చరణం పదమూడో ఎక్కంలా నడిచింది, అంటే ఎవరికీ సరిగ్గా అందలేదు. రెండో చరణం మొదలుకాగానే జనమంతా చప్పట్లు కొడుతూ ఆయనతో గొంతు కలిపారు. ఆ హోరులో ఆయన గొంతు ఎక్కడుందో ఆయనకే తెలియలేదు. పాట అయ్యాక కళ్లు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. పాడించడం ఆ ఒక్కరోజు కష్టమైంది, ఆపించడం ఆనాటి నుంచీ కష్టంగానే ఉంది. ఇప్పుడు ఆయన స్నానం చేస్తున్న సంగతి గల్లీ అంతటికీ తెలుస్తుంది.

"పెద్దనాయినా, ఇన్నేండ్ల సంది ఎట్ల భరిస్తున్నవ్?" అని ఒకసారి అడిగాను.

"అలవాటైంది బిడ్డా. మా పెండ్లప్పుడు గూడ పెద్దల దగ్గర నా పేరు తనే ఇచ్చొచ్చింది. నాకు తెల్లారి తెలిసింది" అన్నారు.

తరువాత వంతు మా గల్లీ ఎర్రయ్య తాతది. భార్య పోయిన నాటి నుంచి తాత గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా అంతే. పలకరిస్తే తల ఊపేవాడు, లేకపోతే అదీ లేదు. కాలేజీ గ్రౌండులో పెద్దవాళ్లకు నడక పోటీ పెడుతున్నారని తెలిసి పెద్దమ్మ పోయి పేరు ఇచ్చి వచ్చింది.

"సారమ్మా, నాకు మోకాళ్లు నొస్తయి" అన్నాడు తాత.

"తెలుసు. అందుకే నడకకు ఇచ్చిన. పరుగుకు ఇయ్యలే."

"నడిస్తే ఆఖరికొస్త."

"ఎవరో ఒకరు ఆఖరికి రావాలె గద. వాళ్లకు గూడ మనిషి కావాలె."

తాత ఆఖరికే వచ్చాడు. ఎంత ఆఖరంటే, గెలిచినవాళ్లు ఇళ్లకు పోయి స్నానాలు చేసి ఉంటారు. అయినా ఆయన వచ్చేదాకా టెంటు తీయలేదు, మైకు కట్టేయలేదు. గీత దాటగానే ఎవరో పేరు పెట్టి పిలిచి మజ్జిగ ఇచ్చారు. మర్నాటి నుంచి ఆ పోటీలో నడిచిన ఇద్దరు ముసలాళ్లు వచ్చి తాతను నడకకు పిలుచుకుపోవడం మొదలుపెట్టారు. పొద్దున పూట ఆ కుర్చీలో ఇప్పుడు గల్లీ పిల్లి పడుకుంటుంది.

అన్నిసార్లూ మంచే జరిగిందని మాత్రం చెప్పను. కరెంటు సామాన్ల దుకాణం నడిపే పరశురాములు నలుగురిలో నోరు తెరవని మనిషి. హుజూర్‌నగర్‌లో ఒక పెండ్లికి మైకులో మాట్లాడేందుకు అతని పేరు ఇచ్చింది పెద్దమ్మ. అతను మైకు అందుకుని, పెండ్లికొడుకు పేరు చెప్పాల్సిన చోట పెండ్లికూతురు తండ్రి పేరు చెప్పాడు. నవ్వీ నవ్వీ జనం భోజనాలు మరిచారు. పరశురాములు ఆ తరువాత చాలాకాలం పెద్దమ్మను చూస్తే సందు మార్చేవాడు.

ఇక నా వంతు.

నా పేరు కరుణ. చిరంజీవి మాస్టర్ టైలరింగ్ దుకాణంలో మిషన్ కుట్టేదాన్ని. అక్కడ పద్ధతి ఏమిటంటే, కటింగ్ మాస్టర్ చేస్తాడు, కుట్టు మేం కుడతాం. ఆయన కత్తిరించి మీద పడేసిన ముక్కలను జాకెట్ చేయడం నా పని. ఏళ్ల తరబడి ఆయన చెయ్యి ఎటు తిరుగుతుందో, చాక్‌పీసు గీత ఎక్కడ వంగుతుందో మిషన్ దగ్గర కూర్చునే చూశాను. కొలతలన్నీ నాకు వచ్చు. రానిదల్లా కత్తెర పట్టడమే.

భయం. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. కత్తెర తప్పితే ఏం విప్పుతాం? ఆలోచిస్తే నా బతుకంతా అలాగే నడిచింది. విప్పి కుట్టుకోవడానికి వీలున్న పనులే చేశాను. వీలు లేనివి వేరేవాళ్లకు వదిలేశాను.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మిర్యాలగూడ నుంచి వచ్చి నేరుగా మా ఇంటి ముందు ఆగింది. మా ఆయన రాజు అన్నం తింటున్నాడు. ఆవిడను చూసి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు.

"నీ పేరు కాదు లేరా, తిను" అంది అతనితో. తరువాత నా వైపు చూసింది. "కరుణా, నీ పేరిచ్చొచ్చిన."

"దేనికి పెద్దమ్మా?"

"మిర్యాలగూడల మా సుజాత లేదా, ఆమె బిడ్డ శిరీషది పెండ్లి. పెండ్లి జాకెట్లన్ని నువ్వే కుడతవని చెప్పిన. కటింగ్ గూడ నువ్వే."

"నాకు కటింగ్ రాదు పెద్దమ్మా."

"రాదా, భయమా?"

"రెండూ."

"రెండు రోగాలకు ఒకటే మందు. పై వారం శనివారం బయల్దేరాలె."

రాజు నెమ్మదిగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఇగ చేసేదేముంది. పేరు పోయింది గద" అన్నాడు.

ఆ రాత్రికే పాత పేపర్ల మీద కత్తిరించడం మొదలుపెట్టాను. పేపరు మీద చెయ్యి బాగానే పోతుంది. బట్ట చూస్తే ఆగుతుంది. ఆ సంగతి పెద్దమ్మకు చెప్తే మరునాడు ఒక గళ్ల లుంగీ తెచ్చి పడేసింది. దాన్ని కోశాను. జాకెట్ కుట్టాను. పక్కింటి ఆండాలుకు సరిపోయింది. ఇంకో లుంగీ వచ్చింది. ఆ తరువాత ఒక దుప్పటి, ఒక కర్టెను, మళ్లీ లుంగీ.

కొన్ని రోజులకు అబ్రహాం సారు ప్యాంటు వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. ఇంట్లో ఉన్నప్పుడు ఆయన ప్యాంటు వేసుకోవడం నేను ఏనాడూ చూడలేదు.

"బిడ్డా, గల్లీల ఎటు సూసినా నా లుంగీలే కనబడుతున్నయి. నా ఒంటి మీద తప్ప" అన్నారు.

"పెద్దనాయినా, అవి నీవని నాకు తెల్వదు. పెద్దమ్మ పాతవని చెప్పి ఇచ్చింది."

"పాతవే. నేను గూడ పాతోన్నే. నా మీద గూడ కత్తెర పడ్తదేమోనని భయమైతుంది" అని, ఇంట్లో ఆరేసి ఉన్న ఒక జాకెట్‌ను పట్టుకుని చూశారు. "చంక దగ్గర బాగ తిప్పినవ్. ఇగ కానియ్" అని వెళ్లిపోయారు.

శనివారం రానే వచ్చింది. మిర్యాలగూడలో బస్సు దిగగానే మిల్లుల్లో ఉడికే వడ్ల వాసన. ఆ వాసన నాకు ఇష్టం. ఆ రోజు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. సుజాతక్క ఇంట్లో పెద్ద బల్ల ఖాళీ చేసి పెట్టారు. కొలతలు తీసుకున్నాను. నెమలి రంగు పట్టు పరిచాను. గీతలు గీశాను. కత్తెర తీశాను. అక్కడ ఆగింది.

సుజాతక్క చూస్తోంది. శిరీష చూస్తోంది. వాళ్ల మేనత్త కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూస్తోంది. ఇంకొక్క క్షణం అయితే బ్యాగు తీసుకుని బస్టాండుకు పోయేదాన్నే. పెద్దమ్మ మంచం మీద కూర్చుని మరమరాలు తింటోంది.

"కరుణా, పొద్దుగాల ఏం కూర వండినవే?"

"బీరకాయ పెద్దమ్మా."

"పాలు పోసినవా?"

"పోసిన. కొంచెమే."

"కారమేసినవా, పచ్చిమిరపా?"

"పచ్చిమిరప" అన్నాను. అనేసరికి కత్తెర మెడ దగ్గర మొదలై చంక దాకా వచ్చి ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. గీత మీద సరిగ్గా వచ్చింది.

సూర్యాపేటలో ఆవిడ చేతి సూది తిన్నవాళ్లందరికీ ఈ ప్రశ్న తెలుసు. ఏం కూర అని అడుగుతుంది. మనం జవాబు చెప్పేలోగా దూది పెట్టి రుద్దుతూ ఉంటుంది. నా చిన్నప్పుడు నాకూ అలాగే వేసిందట. నేను దోసకాయ పప్పు అన్నానట.

నెమలి రంగు జాకెట్ శిరీషకు అతికినట్టు సరిపోయింది. మిగతా బట్టలన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. ఇక నాకు రెక్కలు వచ్చాయి. ఒకటి కోశాను, ఇంకొకటి కోశాను. కూరల ప్రస్తావన లేకుండానే కోశాను. చివరికి ముహూర్తం జాకెట్ మిగిలింది. ఎర్ర అంచున్న పసుపు పట్టు. అన్నింటికంటే ఖరీదైనది. చేతులు కోసి, అంచు కుట్టి, జాకెట్ ఒంటికి జోడిద్దామని పక్కపక్కన పెట్టి చూశాను.

దేవుడు మనిషికి ఒక కుడి చెయ్యి, ఒక ఎడమ చెయ్యి ఇచ్చాడు. నేను శిరీషకు రెండు కుడి చేతులు ఇచ్చాను.

మడత తప్పు వేసుకున్నాను, అంతే. ఒకదాన్ని తిప్పి కుడదామంటే జరీ లోపలికి పోయి దారాలు బయటికి వస్తాయి. మిగిలిన ముక్కలో చెయ్యి పట్టదు. నేల మీద కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి చూసి, ఏమీ అర్థంకాక, ఎదురింటికి పోయి పెద్దమ్మను పిలుచుకొచ్చాడు.

"నా పేరు వాపస్ తీసుకో పెద్దమ్మా. నేను మిర్యాలగూడకు పోను. వాళ్ల మొఖం చూడలేను."

పెద్దమ్మ రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "రెండూ మంచిగనే ఉన్నయి" అంది.

"రెండూ కుడివే."

"అదే అంటున్న. కుడి చేతులు మంచిగ కోసినవ్. పేరు ఇచ్చుడే నాకు వచ్చు బిడ్డా, వాపస్ తెచ్చుడు రాదు. పద, పోయి చెప్పుదాం."

"ఏమని?"

"రెండు కుడి చేతులు కోసిన అని."

బస్సులో దారి పొడుగునా నాలో నేను అదే వాక్యం చెప్పుకుంటూ వచ్చాను. ఎన్ని రకాలుగా చెప్పినా అది అంతకంటే బాగా వినబడలేదు. సుజాతక్క ఇంటికి చేరగానే పెద్దమ్మ, శిరీష చెయ్యి పట్టుకుని పెండ్లి గాజులు చూస్తానని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. నన్ను ఒక్కదాన్నే వదిలేసింది.

సంచీలోంచి చేతులు తీసి బల్ల మీద పెట్టాను. "అక్కా, తప్పైంది. రెండు కుడి చేతులే కోసిన" అన్నాను.

సుజాతక్క వాటి వంక చూసింది. నా వంక చూసింది. తరువాత నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంకా ఎప్పుడైతదా అని సూస్తున్న" అంది.

"ఏది అక్కా?" అన్నాను.

"మీ పెద్దమ్మ, మా సిస్టరమ్మ, నీ పేరు ఇచ్చిననాడే చెప్పింది. 'సుజాతా, పిల్ల చెయ్యి మంచిది, గుండెనే చిన్నది. అన్ని మంచిగ కుడతది, ఒక్కటి చెడగొడతది. చెడగొట్టిననాడు మీరు మొఖం ముడుచుకుంటే ఆ పిల్ల జన్మల మళ్ల కత్తెర పట్టది. ఆ ఒక్కటి నా కోసం ఓర్సుకోవాలె' అన్నది. అది ఏ జాకెట్టో తెల్వదు గద. అందుకే దుకాణంల అన్ని పట్టు బట్టల థాన్‌లల్ల జర ఎక్కువ కోయించింది, నా పక్కన నిలబడి."

బీరువా తెరిచింది. మడత పెట్టిన పట్టు ముక్కలు, అన్ని రంగుల్లోనూ. వాటిలో ఎర్ర అంచు పసుపు ముక్క తీసి నా ముందు పెట్టింది.

"శిరీష పుట్టిననాడు నా పక్కన ఉన్నది సిస్టరమ్మనే. ఆమె అడిగితే ఒక జాకెట్ ఏంది, చీరనే చెడగొట్టమను. కొయ్యి బిడ్డా."

ఎడమ చెయ్యి అక్కడే కోశాను. ఈసారి మడత చూసుకున్నాను. ఎవరూ ఏ కూర గురించీ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వేరుశనగలు కొని నా ఒళ్లో పోసింది.

"కోదాడల రెండో చరణం నుంచి అందరు పాడుమని నువ్వే చెప్పినవా?" అని అడిగాను.

"మీ పెద్దనాయిన గొంతుకు ఎవరో ఒకరు అడ్డం పడాలె గద."

"ఎర్రయ్య తాత వచ్చేదాక టెంటు తియ్యద్దని?"

"ఎండ ఉండె ఆనాడు."

"మరి పరశురాములు?"

"వాని సంగతి ముందుగాల చెప్పుడు మర్సిపోయిన. పాపం" అంది. "అందుకే ఇంట్ల ఏ బల్బు పోయినా వాని దగ్గరికే పోతున్న. వాడు సందు మారుస్తుండు, నేను గూడ మారుస్తున్న."

"నాకు ముందే చెప్పరాదా, ఒకటి చెడిపోయినా ఏం కాదని?"

"చెప్తే నువ్వు భయపడకపోదువు. భయపడకుంట చేస్తే అది ధైర్యమెట్లైతది?"

అప్పుడు చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నడిగూడెం దవాఖానలో వేశారట. మొదటి రోజు మొదటి సూది. ఎదురుగా పుష్పాబాయి అనే ముసలమ్మ. పెద్దమ్మ చెయ్యి వణుకుతోంది. వరుసలో ఉన్నవాళ్లు అది చూసి ఒక్కొక్కరే వెనక్కి జరుగుతున్నారు. ఏదో వంక చెప్పి ఇంటికి పోదామని, ఈ ఉద్యోగం తనకు వద్దని అనుకుందట. ఆ ముసలమ్మ మాత్రం కదలలేదు.

"ఏమన్నది?" అన్నాను.

"'గుచ్చు బిడ్డా, తప్పితే ఇంకో చెయ్యి ఉన్నది' అన్నది."

"తప్పిందా?"

"తప్పింది."

"మరి?"

"ఇంకో చెయ్యి ఇచ్చింది" అంది పెద్దమ్మ, వేరుశనగ పొట్టు ఊదుతూ. "ఆమె గూడ లేచిపోతే నేను ఏడుండేదాన్నో."

శిరీష పెండ్లి బాగా జరిగింది. ఆ పెండ్లిలో జాకెట్లు చూసినవాళ్లు అడుగుతూ అడుగుతూ సూర్యాపేటకు వచ్చారు. చిరంజీవి మాస్టర్ దగ్గర సెలవు తీసుకుంటే ఆయన తన పాత కత్తెర చేతిలో పెట్టి, "మొద్దుబారితే తీసుకురా, సానబెట్టిస్త" అన్నాడు. గల్లీ చివర ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇప్పుడు కటింగ్ నాదే, కుట్టూ నాదే. తప్పులూ నావే. అప్పుడప్పుడు చేస్తూనే ఉంటాను, పోయి చెప్పి వస్తాను. ఇంతవరకూ ఎవరూ నన్ను తినేయలేదు.

దుకాణం తెరిచాక మొదటి జాకెట్ పెద్దమ్మకే కుట్టాను. కంగారులోనో సంతోషంలోనో ఎడమ చెయ్యి కొంచెం వదులుగా వచ్చింది. ఇవ్వు, సరిచేస్తానని ఎన్నోసార్లు అడిగాను. గాలి మంచిగ ఆడుతుంది, ఉండనియ్ అంటుంది. ప్రతి ఆదివారం చర్చికి అదే వేసుకుని పోతుంది. అక్కడ ఎవరు కనబడినా ఆ వదులు చెయ్యినే ముందుకు చాపి, "మా కరుణ కుట్టింది" అని చూపిస్తుంది.